గొర్రెల గిట్టలు దిద్దుట

కర్నూలు, కడప జిల్లాలలో వానను నమ్ముకొని బ్రతుకుట కష్టము. ఏడాదికి సగటున 600 మొదలు 700 మిల్లీమీటర్ల వర్షము కురియునని లెక్కలు చెప్పుచున్నను, కురియవలసిన నెలలో కురియుట అరుదు. అందువలన ఇచ్చటి రైతు చేనితో పాటు జీవములను కూడ నమ్ముకొన్నాడు. వేరుసెనగ ఎండిపోయిన యేడు బోరుబావి అప్పునకైనను, బిడ్డ పెండ్లికైనను అక్కరకు వచ్చునది దొడ్డిలోని పొట్టేలే. 2019 పశుగణన ప్రకారము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున సుమారు 1 కోటి 76 లక్షల గొర్రెలు ఉన్నవి. గొర్రెల సంఖ్యలో తెలంగాణ తరువాత దేశమున రెండవ స్థానము మనదే. వానిలో పెద్ద వంతు రాయలసీమది.

ఇంతటి సంపద నాలుగు కాళ్ళమీద నడచునది. ఆవును కట్టుగొయ్యవద్ద మేపవచ్చును. గొర్రెల మంద మాత్రము దినమునకు కొన్ని మైళ్ళు నడచిననే కడుపు నింపుకొనగలదు. కాలు కుంటుపడిన గొర్రె మంద వెనుక పడును. ముందు పోయిన జీవములు మేయగా మిగిలినదే దానికి దక్కును. ముందు కాళ్ళు నొచ్చినచో మోకాళ్ళమీద వంగి మేయుటకు యత్నించును. మోకాళ్ళు కాయలు కాచిన గొర్రెను చూచినప్పుడు దాని గిట్టలను తప్పక పరీక్షింపవలెను. చూలు గొర్రె కుంటినచో మేత చాలక తల్లి చిక్కుటయే కాక, ఈనిన పిల్లకు పాలును చాలవు. వెనుక కాళ్ళు చెడిన విత్తనపు పొట్టేలు దాటుటకు పనికిరాదు. చివరకు కాపరి దానిని వచ్చిన ధరకు కటికవానికి అమ్ముకొనును. ఆ నష్టము ఏ లెక్కలోను చేరదు.

విచిత్రమేమనగా, మన రైతు ఎద్దుల గిట్టల విషయమున ఎంతో శ్రద్ధ కలవాడు. ఎద్దు బండి కట్టక ముందే లాడములు కొట్టించును; అరిగిన లాడము ఊడినచో పని మాని మరల కొట్టించును. అదే ఇంటిలో నలుబది గొర్రెలున్నను వాని కాళ్ళు ఎత్తి చూచువారు తక్కువ. గొర్రెకు గిట్టలు వానియంతట అవే అరుగునని అందరి నమ్మకము. ఆ నమ్మకము సగము నిజము.

గిట్ట పెరుగుట, అరుగుట

గొర్రెకును, మేకకును ప్రతి కాలియందు రెండు గిట్టలుండును. వీనినే కొందరు గొరిజలందురు. గిట్ట వెలుపలి గోడ గట్టి కొమ్ము పదార్థముతో ఏర్పడినది. అది మన గోరువలెనే పైనుండి క్రిందికి ఎడతెగక పెరుగుచుండును. నెలకు ఇంచుమించు 3 మొదలు 5 మిల్లీమీటర్లు పెరుగునని చెప్పవచ్చును. గోడ లోపల, మెత్తని అరికాలి పొరకు పైన, నెత్తురు నరములతో కూడిన పచ్చి మాంసము కలదు. పెంపుడు కుందేలు గోటియందైనను, కుక్క గోటియందైనను ఇదే అమరిక. వెలుపలి కొమ్మును కోసిన నొప్పి లేదు. లోపలి పచ్చిని తాకినచో నెత్తురు కారును. గిట్టలు దిద్దు విద్య అంతయు ఈ రెంటికి నడుమనున్న హద్దును గుర్తించుటయందే ఉన్నది.

పెరిగిన కొమ్మును అరగదీయునది నేల. ఎఱ్ఱమల గుట్టలమీదను, బేతంచెర్ల ప్రాంతపు నాపరాళ్ళ బీళ్ళలోను, రాయచోటి వైపు గరుగు నేలలలోను మేయు జీవములకు రాయియే ఆకురాయిగా పనిచేయుచున్నది. అట్టి మందలలో కత్తెరతో పని చాల తక్కువ. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో సంగతి వేరు. ఆ నేల గిట్టను అరగదీయదు సరికదా, వానకాలమున బంకవలె సందులలో పట్టి ఎండి గడ్డకట్టును. ఇక బక్రీదు సంతకని ఇంటివద్ద కట్టి మేపు పొట్టేళ్ళకును, నేలకు ఎత్తుగా చెక్కపలకలు పరచిన కొట్టములలో పెంచు మేకలకును గిట్ట అరుగు అవకాశమే లేదు. పెరిగిన గోడ అరికాలి క్రిందికి మడతపడును. ఆ మడతలో పేడ, మట్టి, మూత్రము చేరి కుళ్ళు పుట్టుటకు చోటగును. కొన చెప్పు ముక్కువలె పైకి వంగును. జంతువు మడమమీద బరువు వేసి నడచును, కీళ్ళు చెడును.

కావున ఎవరి మందకు కత్తెర కావలెను, ఎవరి మందకు అక్కరలేదు అనునది నేలను బట్టి తేలవలసిన విషయము. ఏటేట అన్ని గొర్రెలకును గిట్టలు కోయవలెనను నియమము పూర్వము అనేక పుస్తకములలో ఉండెడిది. నేటి పశువైద్య శాస్త్రము దానిని అంగీకరించుట లేదు. అన్నిటిని చూడవలెను, పెరిగినవానిని మాత్రమే దిద్దవలెను. తొలకరికి ముందు ఒకమారు, వానలు వెనుకబడిన తరువాత మార్గశిర పుష్యములలో ఒకమారు మందను దొడ్డివాకిట నిలిపి ఒక్కొక్క కాలు ఎత్తి చూచినచో చాలును. కట్టివేసి మేపు జీవములను రెండు నెలలకొకసారి చూడవలెను.

ఇంటివద్ద దిద్దు విధము

పనిముట్లు కొద్దివే. గిట్టలు కోయుటకై చేసిన కత్తెర దొరికిన మేలు. లేనిచో నిమ్మ, దానిమ్మ తోటలలో కొమ్మలు కత్తిరించు గట్టి కత్తెర చాలును. మట్టి గీకుటకు మొండి కొన గల చిన్న పుల్ల, అంచులు నునుపు చేయుటకు ఆకురాయి, ఒక గిన్నెలో క్రిమిసంహారక ద్రావకము, శుభ్రమైన గుడ్డ, అయోడిన్ మందు దగ్గర ఉండవలెను. కొడవలితో కోయుట మనవారికి అలవాటు. అది మంచిది కాదు. కొడవలి జారినచో గొర్రె కాలుగాని, కాపరి చేయిగాని తెగును.

ఎండకాలమున గిట్ట రాయివలె బిగిసియుండును. వాన కురిసిన మరునాడు గాని, మంచు తడిలో మేసి వచ్చిన ఉదయమున గాని కొమ్ము మెత్తబడి సులభముగా తెగును. ఆ అవకాశము లేనప్పుడు తడి గోనె మీద కొంతసేపు నిలిపిన సరిపోవును. ఈనుటకు నెలన్నర లోపున్న చూలు గొర్రెలను పడవేయుట, కూర్చుండబెట్టుట తగదు. వానికి అత్యవసరమైనచో నిలబెట్టియే చూడవలెను.

గొర్రెను పట్టుటలో ఉన్నిని గాని, చెవిని గాని లాగరాదు. మన నెల్లూరు జాతి గొర్రె పొడుగు కాళ్ళది, బెదరునది. దానికి ఉన్ని లేదు కనుక చర్మమే చేతికి వచ్చును. గడ్డము క్రింద ఒక చేయి, తొడవద్ద ఒక చేయి వేసి మెల్లగా వెనుకకు నడపి పిరుదులమీద కూర్చుండబెట్టి, దాని వీపును మన మోకాళ్ళకు ఆనించుకొనవలెను. అట్లు కూర్చున్న గొర్రె సాధారణముగా పెనుగులాడదు. మేక అట్లు కూర్చుండదు. దానిని గోడవారగా కట్టి, లాడము కొట్టువాడు ఎద్దు కాలు మడచినట్లు కాలు వెనుకకు మడచి పని చేయవలెను. ఇద్దరు మనుషులున్నచో ఏ పద్ధతియైనను సులభమే.

మొదట పుల్లతో మట్టిని, పేడను పూర్తిగా తీయవలెను. తీసినగాని గిట్ట ఆకారము తెలియదు. అనేకమారులు కుంటునకు కారణము ఇచ్చటనే బయటపడును: కంపచెట్టు ముల్లో, పల్లేరు కాయో, రెండు గిట్టల సందున ఇరుకుకొన్న గులకరాయో కనబడును. దానిని తీసి అయోడిన్ పూసినచో పని అయిపోయినది. కత్తెరతో అవసరమే లేదు. గొర్రె కాలి ముందువైపున, గిట్టలు విడివడు చోటికి కొంచెము పైన ఒక చిన్న రంధ్రము ఉండును. అందుండి జిడ్డువంటి పదార్థము వచ్చును. అది పుండు కాదు. గొర్రెకు పుట్టుకతో వచ్చిన గ్రంథి. తెలియనివారు దానిని పిండి, పొడిచి నిజముగానే పుండు చేయుదురు. మేకకు ఆ గ్రంథి లేదు.

తరువాత గిట్ట గోడలో అరికాలి క్రిందికి మడచుకొన్న భాగమును మడమవైపునుండి కొనవైపునకు కోయవలెను. అరికాలితో సమమైనంత వరకే కోయవలెను. గోడను అంతకంటె లోతుగా తీసినచో బరువంతయు మెత్తని అరికాలిమీద పడును. కొనను కొంచెము కొంచెముగా, ధాన్యపు గింజ మందమున తీయుచు రావలెను. కోసిన చోటు తెల్లగా ఉన్నంతవరకు భయము లేదు. లేత గులాబి రంగు కనబడిన వెంటనే ఆగవలెను. ఆ రంగు వెనుకనే నెత్తురు ఉన్నది. నల్ల గిట్టలయందు రంగు తెలియుట కష్టము. వ్రేలితో నొక్కగా మెత్తగా లోనికి పోయినచో ఇక కోయరాదు. చాల కాలము పట్టించుకొనని గిట్టను ఒక్కనాడే సరిచేయ పూనుకొనుట పొరపాటు. పెరిగిన కొమ్ముతో పాటు లోపలి పచ్చియు ముందుకు సాగియుండును. కొంత తీసి మూడు నాలుగు వారములు నడవనిచ్చి మరల కొంత తీయవలెను. దిద్దిన గిట్ట ఎట్లుండవలెనో తెలియనివారు నెల పిల్ల గిట్టను చూచుకొనవచ్చును. అంతకంటె మంచి నమూనా లేదు.

నెత్తురు వచ్చినచో కంగారు పడక శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషములు గట్టిగా అదిమి పట్టి, ఆగిన తరువాత అయోడిన్ పూయవలెను. ఆ జంతువును ఆ దినము పేడ దొడ్డిలో విడువక పొడి చోట కట్టవలెను. గాయము ద్వారా ధనుర్వాతము కలుగవచ్చును. ఈగలు వ్రాలి పురుగులు పడవచ్చును. లోతుగా తెగినచో పశువైద్యునికి చూపవలెను. ఒక జంతువు తరువాత మరియొకదానిని పట్టుటకు ముందు కత్తెరను క్రిమిసంహారకములో ముంచితీయవలెను. కోసిన ముక్కలను దొడ్డిలో చిమ్మక ఏరి కాల్చివేయవలెను. ఈ రెండు పనులు చిన్నవిగా తోచును గాని, మందకు మందను కుంటి చేయునది తరచు ఆ కత్తెరయే.

కత్తెరతో నయముకాని కుంటు

గిట్టల కుళ్ళు అను వ్యాధి అంటువ్యాధి. 1941లో ఆస్ట్రేలియా దేశమున బెవరిడ్జ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి కారణమైన సూక్ష్మజీవిని వెల్లడించెను. మొదట గిట్టల సందున చర్మము తడిసి, నాని, తెల్లబడును, పిమ్మట కొమ్ము అరికాలినుండి విడివడుట ప్రారంభించును, దుర్వాసన కొట్టును. ఆ వాసన ఒకసారి ఎరిగినవారు మరల మరువరు. వ్యాధి సోకిన గొర్రె నడచిన తడినేలమీద నడచిన ఇతర గొర్రెలకు అది అంటును. అయితే ఆ సూక్ష్మజీవి జంతువు కాలిని విడిచి నేలలో ఎక్కువ కాలము బ్రతుకదు. రెండు వారములు ఏ గొర్రెయు అడుగిడని బీడు మరల శుభ్రమగునని లెక్కించుచున్నారు.

రాయలసీమ మెట్టనేలలో ఈ వ్యాధికి తావు తక్కువ. కాని మన మందలు మెట్టలోనే ఉండవు. వేసవిలో మేతకై కాలువల క్రింది పల్లపు భూములకు వలసపోవును. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి కడప వరకు సాగు కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దమున ఒక కంపెనీ త్రవ్వించగా, 1882లో ప్రభుత్వము కొనివేసినది. నాటినుండి ఆ ఆయకట్టులోని వరి రైతునకును, మెట్ట కాపరికిని ఇచ్చిపుచ్చుకొనుట కలదు. రైతు తన పొలములో మందను నిలిపించుకొని ఎరువు పొందును. కాపరి కూలియు, మేతయు పొందును. ఈ ఏర్పాటు ఇరువురకును లాభకరము. చిక్కు ఒక్కటే: నీరు ఆరని మడిలో రాత్రియంతయు నిలిచిన గిట్ట నానును. అనేక ఊళ్ళ మందలు ఒకే గట్టుమీద నడచును. వాన పడిన యేడు తిరిగివచ్చు మందతో కుంటును వెంట తెచ్చుకొనుట ఇట్లు జరుగును.

కుళ్ళు పట్టిన గిట్టను చూడగానే చెడిన కొమ్మునంతయు నెత్తురు వచ్చువరకు చెక్కివేయుట తరతరముల అలవాటు. గాలి తగిలిన నయమగునని పూర్వపు వైద్యులును చెప్పిరి. ఇప్పుడు తెలిసిన సంగతి వేరు. ఇంగ్లండులో జరిపి 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో, గిట్టను చెక్కక సూదిమందు వేసిన గొర్రెలకంటె, చెక్కిన గొర్రెలు ఆలస్యముగా కోలుకొన్నవి. పచ్చిగా నున్న గిట్ట మీద కత్తి పెట్టుట పుండుమీద పుండు చేయుటయే. కావున కుళ్ళు వాసన వచ్చిన కాలిని కడిగి, ఆ గొర్రెను విడిగా పొడినేల మీద కట్టి, పశువైద్యుని పిలువవలెను. ఆయన నిర్ణయించిన సూదిమందు త్వరగా వేసినచో అనేక గొర్రెలు కొలది దినములలోనే కోలుకొనును. మందు వేసిన జంతువును ఎన్ని దినములు కోతకు అమ్మరాదో ఆయననే అడిగి తెలిసికొనవలెను. నయమైన తరువాత గిట్ట వంకరగా పెరిగినచో అప్పుడు దిద్దవచ్చును.

మిగిలిన మందకు పాదస్నానము చేయించవలెను. దీనికి జింకు సల్ఫేటు మంచిది. వరి మడులలో జింకు లోపమునకు చల్లునది కనుక ఎరువుల దుకాణములలో దొరకును. మన రైతులకు కొత్త వస్తువు కాదు. 100 లీటర్ల నీటికి 10 కిలోలు కలుపవలెను. 6 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల తొట్టిలో గిట్టలు మునుగునట్లు 8 సెంటీమీటర్ల లోతు నింపుటకు సుమారు 65 లీటర్లు పట్టును. అనగా ఆరున్నర కిలోలు చాలును. గొర్రెలు దప్పికతో ఆ నీరు త్రాగకుండ ముందుగా మంచినీరు త్రాగించి తేవలెను. గిట్టల మట్టి కడిగి, తొట్టిలో కొన్ని నిమిషములు నిలువనిచ్చి, పిమ్మట ఒక గంటసేపు పొడినేలమీద ఉంచవలెను. మైలుతుత్తము వాడు అలవాటు కొన్ని చోట్ల కలదు. అదియు పనిచేయును గాని, త్రాగిన గొర్రెకు రాగి విషమగును; ఇతర పశువులకంటె గొర్రె రాగిని తట్టుకొనలేదు. ఫార్మలిన్ ఘాటు కండ్లకు, ముక్కునకు హాని చేయును; పుండ్లున్న కాళ్ళకు మంట పుట్టించును. తొట్టి నీటిని చెరువులో గాని, బావి దగ్గర గాని పారబోయరాదు.

ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క తొట్టి కట్టుకొనుట ఖర్చుతో కూడిన పని. ఊరి జీవములన్నియు నీటికి వచ్చు తొట్టివద్ద, వాలుగా నున్న ఎత్తైన చోట, నాపరాళ్ళతో ఒక సన్నని పాదస్నానపు తొట్టి కట్టించుట పంచాయతీకి పెద్ద భారము కాదు. బండలు మన జిల్లాలలోనే దొరకును. పశుసంవర్ధనము రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలున పంచాయతీల విషయములలో చేర్చబడియున్నది. పాదస్నానము చేయించినను సంతలో కొన్న జీవమును ఆనాడే మందలో కలిపినచో ఫలము లేదు. క్రొత్త జీవమును మూడు వారములు విడిగా ఉంచి, నాలుగు కాళ్ళు చూచి, పిమ్మటనే కలుపవలెనని కాపరులకు నచ్చచెప్పవలసినవారు సభ్యులే.

మరి రెండు వ్యాధులను గుర్తించుట సభ్యులకు అవసరము. గాలికుంటు సోకిన జీవములు హఠాత్తుగా ఒకే దినము అనేకము కుంటును. గిట్టకును చర్మమునకును నడిమి అంచున, గిట్టల సందున బొబ్బలు కనబడును. నోట కూడ పుండ్లు ఉండవచ్చును. గొర్రెలలో ఈ చిహ్నములు పశువులలో వలె స్పష్టముగా ఉండవు, ఒక్కొకప్పుడు కుంటు ఒక్కటే తెలియును. నీలినాలుక వ్యాధి వానకాలమున చిన్న దోమవంటి కీటకముల వలన వ్యాపించును. జ్వరము, మూతివాపు, చీమిడితో పాటు గిట్ట పై అంచు ఎఱ్ఱబడి గొర్రె అడుగు వేయజాలదు. ఈ రెంటిలో గిట్టను కోయుటవలన ప్రయోజనము సున్న. గాలికుంటునకు 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమమున గొర్రెలను, మేకలను కూడ చేర్చిరి. నీలినాలుకకును టీకా కలదు. వానలకు ముందే వేయించవలెను.

ఇట్టి వ్యాధులను దాచిపెట్టుట చట్టవిరుద్ధము కూడ. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము ప్రకారము షెడ్యూలులోని వ్యాధి సోకినదని అనుమానము కలిగిన జంతువు యజమాని ఆ సంగతిని గ్రామాధికారికి గాని, పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలెను. వారు దానిని సమీప పశువైద్యునికి వ్రాతమూలముగా తెలుపుదురు. జబ్బు జంతువును యజమాని విడిగా ఉంచవలెను. కాపరి వచ్చి "అయ్యా, మా మందలో పది గొర్రెలు నిన్నటినుండి కుంటుచున్నవి" అని చెప్పినపుడు, ఆ మాట విన్న సభ్యుడు తేదీ, జీవముల సంఖ్య, మంద ఎచ్చటనుండి వచ్చినది, ఏ సంతకు పోవనున్నది అను వివరములను ఒక కాగితముమీద వ్రాసి, ఆనాడే రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికి గాని, పశువైద్యశాలకు గాని పంపవలెను. వైద్యుడు వచ్చి చూచువరకు ఆ మందను సంతకు తోలనీయరాదు. ఊరి ఉమ్మడి తొట్టివద్ద నీరు త్రాగనీయక దొడ్డివద్దనే నీరు పోయించవలెను.